పెద్ద చిలుక గట్టిగా కరిస్తే: గాయం దగ్గర్నుంచి మళ్ళీ చెయ్యి చాపేదాకా

మీ వేలి నుంచి రక్తం కారుతూ ఉండగా ఇది చదువుతున్నారేమో, అందుకే ముందు గాయం సంగతి చూద్దాం.

చిలుక ఇంకా వదలకుండా పట్టుకునే ఉంటే చెయ్యి వెనక్కి లాక్కోకండి. లాగితే గుచ్చుకున్న చోటు చీరుకుపోతుంది, కుట్లు పడేది అక్కడే. చేతిని మెల్లగా కిందికి దించి, దగ్గర్లో ఉన్న బల్ల మీదో నేల మీదో పక్షి కాళ్ళు ఆనేలా పెట్టండి. కాళ్ళకు గట్టి చోటు తగలగానే చాలా చిలుకలు పట్టు సడలిస్తాయి. అప్పటికీ వదలకపోతే రెండో చేత్తో ఒక తువ్వాలు దాని తల మీద వెయ్యండి, లేదా ముక్కు పక్కన చెక్క గరిటె పెట్టండి. నొప్పిలో చెయ్యి విదిలించాలనిపించడం సహజమే. కానీ కిలో బరువున్న మకావ్ (ఒక పెద్ద జాతి చిలుక) గోడకు కొట్టుకుంటే దాని రెక్క ఎముక విరగొచ్చు. వదిలాక దాన్ని పంజరంలో పెట్టే పరిస్థితి లేకపోతే సీలింగ్ ఫ్యాన్ ఆపి, తలుపు వేసి బయటికి వచ్చేయండి.

చేతికి ఉంగరం ఉంటే వెంటనే తీసెయ్యండి. వేలు త్వరగా వాచిపోవచ్చు, ఆ తర్వాత ఉంగరాన్ని కోసి తియ్యాల్సి రావచ్చు. రక్తం ధారగా వస్తుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పదిహేను నిమిషాలు అలాగే ఉంచండి. ఆగిందా లేదా అని మధ్యమధ్యలో గుడ్డ తీసి చూడొద్దు. రక్తం తగ్గాక కుళాయి కింద సబ్బుతో పది నిమిషాలపాటు కడగండి. చిలుక ముక్కు చేసే గాయం పైకి చిన్నగా, లోపల లోతుగా ఉంటుంది కాబట్టి నీళ్ళు లోపలిదాకా వెళ్ళాలి. తర్వాత బెటాడిన్ రాసి, శుభ్రమైన గాజు గుడ్డ చుట్టండి. పసుపు, కాఫీ పొడి, సున్నం మాత్రం వద్దు. పెద్దవాళ్ళు ప్రేమతోనే డబ్బా పట్టుకొస్తారు. అయినా లోతైన గాయంలో ఆ పొడి ఇరుక్కుంటే శుభ్రం చేసే డాక్టరుకూ కష్టం, మీకూ నొప్పి.

ఆరోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిన సందర్భాలు ఇవి. వేలు వంగకపోవడం, పూర్తిగా చాచలేకపోవడం, కొన మొద్దుబారడం, కణుపు మీద కాటు పడటం, గోరు లేవడం, ముఖం మీదో కంటి దగ్గరో పెదవి మీదో గాయం కావడం, పదిహేను నిమిషాలు అదిమినా రక్తం ఆగకపోవడం. షుగర్ ఉన్నవాళ్ళు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్ళు చిన్న గాయమైనా చూపించుకోవాలి. వేలి కొనను గట్టిగా నొక్కి కరిచి ఉంటే ఎక్స్‌రే అడగండి, లోపల ఎముక చిట్లి ఉండొచ్చు. మర్నాడు ఎరుపు పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆగకండి.

వెళ్ళినప్పుడు ఫోన్‌లో మీ చిలుక ఫొటో చూపించండి, ముక్కు బాగా కనిపించేది. మన దగ్గర "చిలుక కరిచింది" అంటే అందరికీ రామచిలుకే గుర్తొస్తుంది. ఒకసారి నేను వెళ్ళిన క్లినిక్‌లో నర్సు "చిలుక్కే ఇంత కంగారా అమ్మా?" అంటూ పైపైన పట్టీ వేయబోయింది. ఫొటో చూశాక ఆవిడే డాక్టర్ని పిలుచుకొచ్చింది.

రేబిస్ సూది గురించి అందరూ అడుగుతారు. రేబిస్ పాలిచ్చి పెంచే జంతువుల జబ్బు. చిలుక కాటుకు ఆ సూది అక్కర్లేదు. టీటీ మాత్రం చూసుకోవాలి. చివరి డోసు వేయించుకుని ఐదేళ్ళు దాటితే ఇలాంటి గాయానికి మళ్ళీ వేస్తారు. ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. చిలుకల నుంచి మనుషులకు వచ్చే సిటకోసిస్ అనే జబ్బు ఉంది. అది ఎక్కువగా ఎండిన రెట్ట దుమ్ము పీల్చడం వల్ల వస్తుంది, కాటు వల్ల రావడం అరుదు. పంజరం శుభ్రం చేసేవాళ్ళలో ఎవరికైనా తలనొప్పి, జ్వరం, పొడిదగ్గు మొదలైతే "ఇంట్లో చిలుక ఉంది" అని డాక్టర్‌తో చెప్పండి. చెప్పకపోతే ఆయనకు ఆ అనుమానమే రాదు. చెబితే దానికి మంచి మందులు ఉన్నాయి.

ఎందుకు కరిచింది?

మాది హైదరాబాద్‌లోని అల్వాల్. ఇంట్లో నీలం-పసుపు మకావ్ ఒకటి, తెల్ల అంబ్రెల్లా కాకటూ ఒకటి ఉన్నాయి. మకావ్ పేరు బంగారి, పిల్లగా ఉన్నప్పుడు వచ్చింది. కాకటూ మల్లి. "కరుస్తోంది, మా వల్ల కాదు" అని ఒక కుటుంబం వదులుకుంటే మేం తెచ్చుకున్నాం. చుట్టుపక్కల చిలుకలు పెంచేవాళ్ళు ఊరెళ్ళేటప్పుడు మా ఇంట్లో వదిలి వెళ్తుంటారు కాబట్టి ఆఫ్రికన్ గ్రే, అమెజాన్ జాతుల చిలుకలు కూడా చేతి మీదికి వచ్చిపోతుంటాయి.

ఈ ముక్కుతో అవి చేసే పనులు చూస్తే కాటు బలం అర్థమవుతుంది. మనకు కింది దవడ ఒక్కటే కదులుతుంది. చిలుకకు పై ముక్కు కూడా పుర్రె దగ్గర కీలు మీద కదులుతుంది. వంగిన పై కొన, పదునైన కింది అంచు కలిసి అడకత్తెరలా పనిచేస్తాయి. అక్రోటును బంగారి ఒక కాలితో పట్టుకుని, చుట్టూ తిప్పి అతుకు ఎక్కడుందో నాలుకతో వెతుక్కుని, అక్కడే నొక్కుతుంది. టప్పుమని రెండుగా విడిపోతుంది, లోపలి పప్పు చెక్కు చెదరదు. ఎంత నొక్కాలో దానికి బాగా తెలుసు. అందుకే నిక్కచ్చిగా చెబుతాను, పెద్ద చిలుక మీ వేలికి రక్తం తెప్పించిందంటే అంతకుముందు మెల్లగా చెప్పిన మాటలేవీ పనిచెయ్యలేదన్న మాట.

అడవిలో చిలుకకు ఇష్టం లేనిది ఎదురైతే అది ఈకలు పెంచి బెదిరిస్తుంది, పక్కకు జరుగుతుంది, కాదంటే ఎగిరిపోతుంది. మన ఇంట్లో పంజరం ఉంది, కత్తిరించిన రెక్కలున్నాయి, నాలుగు గోడలున్నాయి. ఎగిరిపోయే దారి మూసేశాక దానికి మిగిలేది ముక్కే. పక్షికి పగ ఉందని, కోపిష్టిదని, "దీని బుద్ధే అంత" అని అనుకుంటే మీరు చెయ్యగలిగింది ఏమీ ఉండదు. ఏ సందర్భంలో కరుస్తోందో పట్టుకుంటే చాలా చెయ్యొచ్చు.

దానికి నేను వాడేది ఒక నోటు పుస్తకం. ప్రతి కాటుకూ మూడు ముక్కలు రాస్తాను: కరవడానికి ముందు ఏం జరిగింది, ఎలా కరిచింది, వెంటనే నేనేం చేశాను. జంతువుల ప్రవర్తన మీద అమెరికాలో పనిచేసే సూసన్ ఫ్రీడ్‌మన్ వంటి నిపుణులు చిలుకల యజమానులకు నేర్పేది కూడా ఈ పద్ధతే. మొదటి గడిలో "కోపంగా ఉంది" లాంటివి రాయకూడదు. కళ్ళకు కనిపించింది మాత్రమే రాయాలి. టైము, ఎవరున్నారు, చేతిలో ఏముంది, పక్షి ఎక్కడ కూర్చుంది, టీవీ నడుస్తోందా, కుక్కర్ విజిల్ వేసిందా.

మల్లి పుస్తకం మాకు చెప్పింది వినండి. అది నన్ను కరిచిన కాట్లలో పెద్దవన్నీ సాయంత్రమే, అది కూడా హాల్లో గుమ్మం ఎదురుగా ఉన్న స్టాండు మీద. మా తమ్ముడు ఆఫీసు నుంచి వచ్చి, హెల్మెట్ చేతిలో పట్టుకుని లోపలికి వచ్చేవాడు. మల్లి తురాయి నిటారుగా లేచేది, ఒళ్ళు సన్నబడేది, హెల్మెట్ వైపు ఒకసారి చూసి నా చేతిని పట్టుకునేది. భయం హెల్మెట్ మీద, కాటు నా మీద. చిలుకల్లో ఇది మామూలే. అందనిదాన్ని కరవలేక, అందినదాన్ని కరుస్తాయి. హెల్మెట్ గుమ్మం బయట షూ ర్యాక్ మీద పెట్టడం, స్టాండును లోపలి గోడ వైపు జరపడం, ఈ రెండింటితో ఆ సాయంత్రపు కాట్లు పోయాయి. మల్లికి నేర్పిందేమీ లేదు, హాలును మార్చామంతే.

అది ముందుగా చెప్పే మాటలు

కరిచే ముందు ఒంట్లో వచ్చే మార్పు జాతిని బట్టి మారుతుంది. అమెజాన్ అన్నిటికంటే స్పష్టంగా చెబుతుంది. కంటిపాప చిన్నగా, పెద్దగా, మళ్ళీ చిన్నగా టకటకా మారుతుంది, తోక ఈకలు విసనకర్రలా విచ్చుకుంటాయి, మెడ వెనక ఈకలు లేస్తాయి. అప్పుడు చెయ్యి దాచుకోండి, అది సంతోషంతో ఊగిపోతున్నా సరే. ఉద్రేకంలో ఉన్న అమెజాన్ ప్రేమతో కూడా కరుస్తుంది. ఆఫ్రికన్ గ్రే దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఈకలు ఒంటికి అంటుకుని బిగుసుకుపోతుంది, కాస్త వెనక్కి వాలుతుంది, ఒక కాలు ఎత్తుతుంది. ఆ నిశ్శబ్దాన్ని "బుద్ధిగా ఉంది" అనుకునేవాళ్ళే ఎక్కువ. మకావ్‌కు బుగ్గల మీద ఈకలు లేని తెల్లటి చర్మం ఉంటుంది, ఉద్రేకం వస్తే గులాబీ రంగుకు తిరుగుతుంది. తల ముందుకు చాచి, నోరు తెరిచి మీదికి దూకినట్టు చేస్తుంది. పిల్ల మకావ్‌లలో ఇది ఎక్కువగా ఉత్తుత్తి బెదిరింపే. కాకటూ తురాయి ఎప్పుడూ ఒకే మాట చెప్పదు, దాన్ని కళ్ళతో, కాళ్ళతో కలిపి చదవాలి.

ముక్కు ముందుకు వచ్చిన ప్రతిసారీ అది కాటు కాదు, ఇది మాత్రం అందరూ తెలుసుకోవాలి. చెయ్యి మీదికి ఎక్కే ముందు చిలుక ముక్కుతో పట్టి చూస్తుంది, గట్టిగా ఉందో లేదో అని. అది దాని మూడో కాలు. ఆ క్షణంలో మీరు భయపడి చెయ్యి వెనక్కి తీస్తే ఇక ఆ చేతిని అది నమ్మదు. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి జారిపోకుండా గట్టిగానే పట్టుకుంటుంది. కొత్తగా పెంచేవాళ్ళు చాలామంది తినే మొదటి "కాటు" ఇదే.

కరిచిన క్షణంలో మీరేం చేస్తారన్నది

అరవకండి. అరుపు కొన్ని చిలుకలకు భయం, ఇంకొన్నిటికి గొప్ప వినోదం. రెండూ మనకు నష్టమే. ముక్కు మీద కొట్టడం, ముఖం మీద ఊదడం, నీళ్ళు చిమ్మడం, చెయ్యి కుదిపి పడగొట్టడం, వీటిలో ఏదీ కరవొద్దని నేర్పదు. మనిషి చెయ్యి వస్తే ప్రమాదం అని నేర్పుతుంది. చీకటి గదిలో పెట్టి శిక్షించడం కూడా అంతే. ఏ పనికి ఆ శిక్షో దానికి అర్థం కాదు.

ఇంకో పొరపాటు చాలా ఇళ్ళలో చూస్తాను. పక్షి కళ్ళతో, ఒంటితో వద్దంటుంది, మనం పట్టించుకోం. ముక్కుతో బెదిరిస్తుంది, అయినా వేలు పెడతాం. రక్తం వచ్చాక వెనక్కి తగ్గుతాం. అంటే రక్తం వస్తేనే మాట వింటారని మనమే నేర్పినట్టు. మరుసటిసారి అది పై మెట్లన్నీ వదిలేసి నేరుగా కరుస్తుంది, అప్పుడు "ఏ సూచనా లేకుండా కరిచింది" అంటాం. ఈకలు కదిలినప్పుడే మీరు ఆగిపోతే, అది ఈకలతోనే మాట్లాడుతుంది.

కాలం, ఒళ్ళు, జబ్బు

పిల్లగా ఒళ్ళో పడుకున్న మకావ్ నాలుగైదేళ్ళ వయసుకు వచ్చేసరికి ఒక్కసారిగా మారిపోయిందని బాధపడేవాళ్ళు ఎంతోమంది. అది ఈడుకొచ్చింది, అంతే. జత కట్టే కాలంలో ఇంట్లో ఒకరిని జోడీగా ఎంచుకుని, మిగతావాళ్ళను తరుముతుంది. మా ఇంట్లో సంక్రాంతి దాటాక మొదలై ఎండలు ముదిరేదాకా ఉంటుంది. ఆ రోజుల్లో వీపు మీద, రెక్కల కింద, తోక మొదట్లో నిమరకండి, ఆ స్పర్శ జతకు సంబంధించినది. తలా మెడా నిమిరితే చాలు. మంచం కింద, అల్మరా లోపల, అట్టపెట్టెలో దూరనివ్వకండి, గూడు దొరికిందనుకుంటుంది. రాత్రి పది పన్నెండు గంటల చీకటి, నిద్ర ఇవ్వండి. హాల్లో టీవీ పదకొండుదాకా మోగే ఇంట్లో పంజరం కూడా హాల్లోనే ఉంటే పక్షికి నిద్ర ఎక్కడిది?

ఎప్పుడూ కరవని పక్షి ఉన్నట్టుండి కరవడం మొదలుపెడితే శిక్షణ గురించి కాదు, డాక్టర్ గురించి ఆలోచించండి. చిలుకలు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి. కాలి పుండు, విరిగిన రక్తపు ఈక (లోపల రక్తం ఉండే, ఇంకా పెరుగుతున్న కొత్త ఈక), గుడ్డు అడ్డుపడటం, లోహ విషం, ఏదైనా కావచ్చు. మన దగ్గర చవకగా దొరికే జీఐ మెష్ (పూత వేసిన ఇనుప వల) పంజరాల పూతలో జింకు ఉంటుంది. పక్షి రోజూ దాన్ని కొరికి మింగితే అది విషమే. పక్షులను చూసే వెటర్నరీ డాక్టర్ నంబరు ముందే ఫోన్‌లో పెట్టుకోండి. దీపావళి, వినాయక నిమజ్జనం రోజుల్లో పక్షిని లోపలి గదిలో ఉంచి, ఆరోజు అసలు చేతి మీదికి తీసుకోకండి. డీజే మోతకు బెదిరిన చిలుకకు మీరూ కనబడరు.

చెప్పాల్సిన ఇంకో సంగతి. రామచిలుకల్ని పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మకావ్, కాకటూ, గ్రే వంటి విదేశీ జాతులను 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాగితాలు లేవన్న భయంతో పక్షిని డాక్టరుకు చూపించని ఇళ్ళు ఉన్నాయి. నొప్పితో కరుస్తున్న పక్షిని అలా వదిలెయ్యకండి.

మళ్ళీ చెయ్యి చాపడం

గాయం మానాక కూడా చేతిలో భయం మిగులుతుంది. పంజరం తలుపు తీస్తుంటే వేళ్ళు వణుకుతాయి, టెన్షన్‌తో అరచెయ్యి చెమట పడుతుంది. అందులో సిగ్గుపడాల్సింది లేదు. కానీ సగం దాకా వచ్చి ఆగే చెయ్యి పక్షికి అన్నిటికంటే అయోమయం. కాబట్టి కొన్నాళ్ళు చెయ్యి వాడకండి. మీరు ధైర్యంగా పట్టుకోగలిగే జామ కొమ్మో వేప కొమ్మో ఒక మూరెడు తీసుకుని, దాని మీదికి ఎక్కించండి.

అంతకన్నా ముందు, పంజరం ఊచల బయటి నుంచే పుల్ల ఆట మొదలుపెట్టండి. ఒక చాప్‌స్టిక్ కొనను ఊచల దగ్గర చూపించండి. పక్షి ముక్కుతో మెత్తగా తాకగానే "గుడ్" అనండి, వెంటనే గిన్నెలో చిన్న అక్రోటు ముక్క వెయ్యండి. మకావ్‌కు అక్రోటు, గ్రేకు పొద్దుతిరుగుడు గింజ, మల్లికైతే పిస్తా. దానికి ఏది అన్నిటికంటే ఇష్టమో అది మామూలు తిండిలోంచి తీసేసి దీనికి మాత్రమే ఉంచండి. పుల్లను కొరికి నమిలితే ఏమీ ఇవ్వకండి, తిట్టకండి కూడా. మళ్ళీ తాకే అవకాశం ఇవ్వండి. ఐదు నిమిషాలు చాలు. పక్షి ఇంకా ఆడాలనుకుంటుండగానే ఆపెయ్యండి. పుల్ల వెంట అది ఎడమకు, కుడికి, కిందికి నడవడం మొదలుపెట్టాక, అదే పుల్లతో కొమ్మ మీదికి పిలవండి. కొమ్మ మీదికి మామూలుగా ఎక్కుతోంది, ఈకలు సడలి ఉన్నాయి అనిపించాక కొమ్మ పట్టుకున్న చేతిని కొద్దికొద్దిగా దగ్గరికి జరపండి. ఆఖరున ఒక కాలు కొమ్మ మీద, ఒక కాలు మీ మణికట్టు మీద పడుతుంది. ఆరోజు అక్కడితో ఆపండి.

చెయ్యి చాపినప్పుడు పక్షి తల పక్కకు తిప్పుకుంటే, వెనక్కి అడుగేస్తే, దాన్ని బలవంతం చెయ్యకండి. సరే అని వెళ్ళిపోయి కాసేపాగి రండి. "ఇలా ఊరుకుంటే నెత్తికెక్కుతుంది పిన్నీ" అని మా పక్కింటి పిల్లాడు వాదించేవాడు, వాళ్ళ గ్రే నెలకోసారి వాడి చెయ్యి కొరికేది. వద్దనే హక్కు దానికి ఇచ్చి చూడమన్నాను. వాడు నిజంగానే ఓపిగ్గా చేశాడు, ఇప్పుడు ఆ గ్రే వాడు గదిలోకి రాగానే తానే కాలు ఎత్తి పెడుతుంది.

ముఖం విషయంలో మాత్రం రాజీ లేదు. పెద్ద చిలుకను భుజం మీద కూర్చోబెట్టుకుంటే దాని కళ్ళు, ఈకలు మీకు కనబడవు, దాని ముక్కుకు మీ చెవి, పెదవి, కన్ను అందుతాయి. ఎంత నమ్మకమైన పక్షైనా ముద్దు పెట్టొద్దు. చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో పక్షి బయట ఉన్నంతసేపూ ఒక పెద్ద మనిషి అదే గదిలో, ఫోన్ పక్కన పెట్టి ఉండాలి. ఊచల్లోంచి వేలు పెట్టకూడదని పిల్లలకు చెప్పడం ఒక్కటే చాలదు. పంజరానికి ఒక బారెడు దూరంలో నేల మీద రంగు టేపు అంటించండి.

ఇన్ని చేసినా కుదరని ఇళ్ళు ఉంటాయి. ఇంట్లో పసిబిడ్డ పుట్టొచ్చు, ఉద్యోగం మారొచ్చు, మీ ఆరోగ్యం సహకరించకపోవచ్చు. ఈ పక్షులు యాభై ఏళ్ళు కూడా బతుకుతాయి కాబట్టి చాలా చిలుకలకు ఒకటికి మించి ఇళ్ళు తప్పవు. అప్పుడు కొత్తవాళ్ళ దగ్గర కాటు సంగతి దాచకండి. పంజరంతో పాటు ఆ నోటు పుస్తకం కూడా ఇవ్వండి: దేనికి భయపడుతుంది, ఏ గింజకు దిగివస్తుంది, ఎవరి చేతి మీదికి ఎక్కుతుంది, కరిచే ముందు ఏం చేస్తుంది. మల్లి మా ఇంటికి వచ్చినప్పుడు ఇవేవీ మాకు ఎవరూ చెప్పలేదు, అన్నీ మొదటి నుంచి తెలుసుకోవాల్సి వచ్చింది.